భయపడితే నవ్వుతాది

మొన్న శ్రీకాకుళంలో గుండె డాక్టరు గదిలో కూచున్నప్పుడు మా ఆది నవ్వింది. ఆది అంటే ఆదిలక్ష్మి, మా అన్నయ్య కూతురు. అరవైకి దగ్గర పడుతోంది, అరసవల్లిలో కాపురం, దాని మొగుడికి వారం రోజులుగా ఆయాసం. నేను దానికి మేనత్తని. పేరుకి అత్తనే గాని ఏడాది నిండకముందు నుంచీ దాన్ని చంకనేసుకుని తిరిగింది నేను, జడలేసింది నేను, పెళ్ళిచూపులకి చీర కట్టింది నేను. నాకు పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆది ఉంది కదా అంటాను. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. కంప్యూటర్లో బొమ్మ చూపించి, గుండెకి రక్తం వెళ్ళే దారులు మూడు చోట్ల పూడుకుపోయాయని, ఆపరేషన్ తప్పదని, చేసేదాకా ఏ పూట ఏమవుతుందో చెప్పలేమని నెమ్మదిగా చెప్పింది. ఆది అంతా వింది. విని, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు పైనుంచి సన్నగా ఇక్కిక్కిమని నవ్వింది. ఆపుకోవాలని చూసినకొద్దీ భుజాలు ఎగిరిపడ్డాయి. ఆ నవ్వు నేను విని యాభై ఏళ్ళు దాటింది.

డాక్టరమ్మ కనుబొమ్మ కూడా ఎత్తలేదు. గ్లాసులో నీళ్ళు పోసి ఆది ముందు పెట్టింది. "పర్లేదు ఆంటీ, భయమేస్తే కొందరికి నవ్వొస్తుంది. మా అమ్మకీ అంతే" అంది. అని మళ్ళీ బొమ్మవైపు తిరిగింది. అంతే, మూడు ముక్కలు. గడియారం చూసుకుంటే పది సెకన్లు కూడా పట్టలేదు. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూచున్నాక ఆది తల పైకెత్తలేదు. "సూసినావా అత్తా. ఆయన లోపల అలగ పడున్నాడు, నాను నవ్వీసినాను. మా అమ్మ రక్తం ఎక్కడికి పోతాది" అంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను గాని నోరు పెగల్లేదు. ఆ నోరు పెగలకపోవడం నాకు కొత్త కాదు. దాని గురించే ఇక్కడ రాయాలి. ఇప్పుడు కూడా రాయకపోతే నేనసలు మనిషినే కాను.

మాది చీపురుపల్లికి రెండు కోసుల దూరంలో ఊరు. కొంచెం వరి, మిగతాదంతా మెట్ట, మెట్టలో గోగు. ఇప్పటి పిల్లలకి గోగంటే పచ్చడి. మాకు గోగంటే నార. కోసిన గోగుని కట్టలు కట్టి గుంటలో నానేస్తే పదిహేను ఇరవై రోజులకి కుళ్ళి, బెరడు వదులుతుంది. ఆ కుళ్ళు కంపు ఊరంతా ఉండేది, కంచంలో అన్నానికీ ఉండేది, ఉతికి ఆరేసిన రవికలకీ ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్తే మేం ఏ ఊరివాళ్ళమో ముక్కుతో చెప్పేసేవారు. నార ఉతికి కంచెల మీద ఆరేస్తే, పొద్దున్న ఎండకి ఊరు ఊరంతా తల విరబోసుకున్నట్టుండేది. మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఆ కంచెల పక్కనే పీట వేసుకుని అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, మాటాడుతూ, తిడుతూ, మధ్యలో ఒక్కసారి కూడా నాలిక కాల్చుకోకుండా పీల్చడం ఆవిడకే చెల్లింది. పొద్దున్నే పేడనీళ్ళు చల్లడం, చోడంబలి, అంటే రాగి అంబలి, కాయడం, పశువులకి కుడితి, అన్నీ ఆవిడ గొంతు మీదే నడిచేవి. అమ్మ ఆ గొంతు వెనకాల నడిచేది. నాన్న ఇంట్లో ఉన్నా లేనట్టే.

మామ్మకి ఇంకో పేరుంది చుట్టుపక్కల. ఏడుపులో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. మా వేపు ఎవరైనా పోతే పలకరింపు అని ఉండేది, ఇప్పటికీ ఉంది గాని పేరుకే. పెద్దదినం అయ్యేదాకా రోజూ చుట్టాలు, ఊళ్ళోవాళ్ళు వచ్చి పలకరించాలి. వచ్చే ఆడమనిషి వీధి మలుపులోనే రాగం ఎత్తుకోవాలి. ఆ రాగం చెవినపడగానే ఇంట్లో ఆడవాళ్ళు ముసుగులేసుకుని అందుకోవాలి. గుమ్మంలో ఇద్దరూ కావలించుకుని, పోయినవాడి గుణాలు ఒక్కొక్కటే రాగంలో పెట్టి ఏడవాలి. అది అయ్యాక ముక్కు చీదుకుని, కూచుని, ఎలగయినాది అని అడగాలి. ఇంట్లోవాళ్ళు మొదట్నించీ చెప్పాలి. చెప్పడం అయ్యేలోపు వీధిలో ఇంకో రాగం. రోజుకి పది మంది వస్తే పదిసార్లు. మామ్మ రాగం మధ్యలో ఆపి, "ఒసే పారోతీ, కోడి చోళ్ళ మీదకెక్కినాది సూడు" అని నాకు చెప్పి, ఆపినచోటే మళ్ళీ అందుకునేది. దొంగ ఏడుపనుకునేరు, కాదు. నాట్లెలాగో నార ఉతుకెలాగో ఏడుపు కూడా మాకు అలాంటి పనే. అందరూ కలిసి చెయ్యాలి, వంతు తప్పకూడదు, తప్పితే బద్ధకం అనరు, ఇంకోటి అంటారు.

సూరమ్మ వదిన మా ఇంటికొచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు. ఆవిడకి పదహారో పదిహేడో. రైలుకట్టకి అవతల ఊరు. పొట్టి మనిషి, నల్లటి పెద్ద జుట్టు, మాటాడితే వినపడేది కాదు. నేను ఒక్కత్తినే ఆడపిల్లని, వదినొస్తే నా వెనకాల తోక దొరికిందనుకున్నాను గాని చూస్తే నేనే ఆవిడ తోకనయ్యాను. వచ్చిన నెలరోజులకే అనుకుంటాను, గడ్డివాము దగ్గర మేమిద్దరం గడ్డి లాగుతుంటే ఆవిడ చేతికి మూరెడు దూరంలో నాగుబాము పడగెత్తింది. నేను కేకేశాను. వదిన కదల్లేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఇక్కిక్కిమని, కళ్ళు పామువైపే పెట్టి, నవ్వుతోంది. అన్నయ్య పరిగెత్తుకొచ్చి కర్రతో దాన్ని చంపాడు. వదిన కాళ్ళు అప్పటికీ వణుకుతున్నాయి, నవ్వు ఆగలేదు. నాకు కోపమొచ్చింది, ఏటి నవ్వుతావు అని కసిరాను. అప్పుడు అన్నయ్య, మా సింహాద్రి అన్నయ్య, కర్ర పక్కన పడేసి నా తలమీద మొట్టికాయ వేశాడు. "దాన్నేటి అనకు. మీ వదిన భయపడితే నవ్వుతాది. సిన్నప్పట్నించీ అంతేనంట" అన్నాడు.

ఆ ముక్క ఎందుకిలా పొల్లుపోకుండా రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది. ఆ రోజు తర్వాత నేను ఆ నవ్వుని గుర్తుపట్టేదాన్ని. ఎద్దు తాడు తెంపుకున్నప్పుడు నవ్వింది. మామ్మ మొదటిసారి చెయ్యెత్తినప్పుడు నవ్వింది, దానికి ఇంకో దెబ్బ ఎక్కువ తింది. నొప్పులొచ్చినప్పుడు నవ్వుతుంటే మంత్రసాని విసుక్కుంది. పుట్టింది ఆడపిల్ల. ఆదివారం పుట్టింది కాబట్టి అరసవల్లి దేవుడి పేరు కలిసొచ్చేలా ఆదిలక్ష్మి అన్నారు. ఆ పిల్ల పుట్టాక నాకు బడి మీద ధ్యాస పోయింది. స్నానం చేయించి, సాంబ్రాణి పొగేసి, ఒళ్ళో పెడితే ఆ వాసన, ఆ బరువు. రాత్రి తల్లి దగ్గర పడుకోబెట్టాల్సి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చేది. నా దగ్గర పడుకోనీ వదినా అని రోజూ అడిగేదాన్ని. పాలెవరిస్తారు నీ మొహం అని వదిన నవ్వేది, అది మామూలు నవ్వు.

ఆది పాకడం మొదలెట్టిన రోజుల్లోనే గోగు కోతలొచ్చాయి. గోగు కోస్తే నేలలో మిగిలే మోడు ఏటవాలుగా, కత్తిలా ఉంటుంది. అన్నయ్య కాల్లో ఒక మోడు దిగింది. పీకి పారేసి, వదిన చేత పసుపూ సున్నం కలిపి రాయించుకుని, గుడ్డ కట్టుకుని, మర్నాడు మళ్ళీ పెంటగొయ్యిలో దిగి ఎరువు తోలాడు. అందరూ అలాగే చేసేవారు. వారం దాటాక ఒకరోజు పొద్దున్న అంబలి తాగబోతే నోరు తెరుచుకోలేదు. సాయంత్రానికి మెడ బిగిసింది. బండి కట్టి చీపురుపల్లి తీసుకెళ్ళి, రైలెక్కించి విజయనగరం తీసుకెళ్ళారు. ధనుర్వాతం, చాలా ఆలస్యమైంది అన్నారట. ఇంటికి తెచ్చేశారు. గది చీకటి చేసి, చప్పుడు కాకూడదన్నారు, ఏ చిన్న చప్పుడైనా మనిషి వీపు విల్లులా లేచేది. పళ్ళు బిగుసుకుని, పెదాలు రెండు పక్కలకీ లాగేసి, చూసినవాళ్ళకి అన్నయ్య నవ్వుతున్నట్టే ఉండేది. మూడు రోజులు అలా నవ్వుతున్నట్టే ఉన్నాడు. ఆ గదిలోకి నేను నీళ్ళు పట్టుకెళ్ళినప్పుడు వదిన మంచం పక్కన నేలమీద కూచుని ఉంది. అన్నయ్యకి ఒకసారి వణుకొచ్చింది. వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. ఇక్కిక్కిమన్న ఆ సన్నని చప్పుడుకి అన్నయ్య వీపు మళ్ళీ లేచింది. కళ్ళు మాత్రం వదినవైపు తిప్పాడు, వాటిలో కోపం లేదు, అది నేను చూశాను. ఆ గదిలో వాళ్ళిద్దరూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు.

అన్నయ్య పోయాక పలకరింపులు మొదలయ్యాయి. మామ్మ రాగం ఎత్తుకుంది. "సాలు తప్పని నాగలిరా నాయినా, నీ కాలెలగ తప్పినాదిరా" అని ఆవిడ ఏడుస్తుంటే వచ్చిన మగవాళ్ళు కూడా తలపాగాలు విప్పి కళ్ళు తుడుచుకునేవారు. ఆవిడ పక్కనే కొత్త ముండమోపి కూచుని వంతు అందుకోవాలి. వదిన అందుకోలేదు. గొంతు రాలేదు. "ఏడవ్వే, నోరు పడిపోయినాదా" అని మామ్మ ముసుగు కింద మోచేత్తో పొడిచేది. మూడోరోజుకి వదిన చీర ముందుభాగమంతా పాలతో తడిసి ఉండేది. పాలివ్వడానికి కూడా జనం మధ్యలోంచి ఆవిణ్ణి లేవనిచ్చేవారు కాదు, ఆదిని నేనే ఎత్తుకుని దూరంగా తిప్పేదాన్ని. అయిదోరోజున మామ్మ చెల్లెలొచ్చింది. ఆవిడ గొంతు కూడా ఆ ఇంటి గొంతే. వదిన మీద పడి, గట్టిగా కావలించుకుని, చెవిలో పెట్టి రాగం తీసింది. ముసుగులో వదిన భుజాలు ఎగిరిపడడం మొదలయ్యాయి. అమ్మయ్య, ఏడ్చింది అనుకున్నారు అందరూ. ముసుగు జారింది.

మామ్మ రాగం మధ్యలో ఆగిపోయింది. కోడి కోసం ఆగడం వేరు, ఇది వేరు. వాకిట్లో పది పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక్కరూ కదల్లేదు. వదిన రెండు చేతులతోనూ నోరు మూసుకుంది, వేళ్ళ సందుల్లోంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ నీళ్ళు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. "మొగుడు సస్తే నవ్వుతన్నాది" అని మామ్మ చెల్లెలు అంది, మెల్లగానే అంది. సాయంత్రానికి ఆ మాట నూతి దగ్గరికెళ్ళింది, మర్నాటికి పక్క ఊరు. నవ్విందంటే ఏదో ఉంటుంది కదా. కాలికి మందు రాసింది ఎవరు? అదే. ఏం కలిపిందో. అంత చిన్న గాయానికి ఎవరైనా పోతారా. గది తలుపు మూసుకుని లోపల ఏం చేసిందో. నాకు ఇప్పుడు తలుచుకుంటే మండేదేమిటంటే, అన్నయ్య మొహం మీద ఉన్నది నవ్వు కాదని ఊళ్ళో ప్రతివాడికీ తెలిసింది. అది జబ్బు, అయ్యో పాపం అన్నారు. వదిన మొహం మీద ఉన్నదీ నవ్వు కాదని ఒక్కరికి తోచలేదు.

ఒక్కరికి తెలుసు. నాకు.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక అరుగు మీద పెద్దలు కూచున్నారు. వదిన తండ్రి కింది మెట్టు మీద తువ్వాలు పరిచి కూచున్నాడు. వదిన గోడ వారగా, నేలచూపు. అంతకు ముందే వంటింట్లో మామ్మ అమ్మతో అంటుంటే విన్నాను, "ఎల్తే అదొక్కతే ఎల్తాది. గుంట మన రక్తం, ఇక్కడే ఉంటాది" అని. మా వేపు గుంటంటే ఆడపిల్ల. నేను ఆదిని చంకనేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. ఊరిపెద్ద ఒకాయన నన్ను పిలిచాడు. "నువ్వు వదిన ఎనకే తిరుగుతావు కదా తల్లీ, నిజం సెప్పు. ఆ రోజు వదిన నవ్వినాదా?"

"నవ్వినాది."

"అంతకు ముందు? అన్న మంచం మీదున్నప్పుడు?"

వదిన తలెత్తి నావైపు చూసింది. బతిమాలినట్టు కాదు. నిశ్చింతగా చూసింది. నాకు తెలుసు కాబట్టి నేను చెప్తానని ఆవిడ నమ్మకం. ఆది నా మెడలో ముక్కు రుద్దుకుంటోంది, సాంబ్రాణి వాసన. నేను చెప్పాల్సింది ఇంకో ముక్క ఉంది. అన్నయ్య నా నెత్తిన మొట్టి మరీ అప్పజెప్పిన ముక్క.

"నవ్వినాది," అన్నాను. "నాను సూసినాను. ఆ సప్పుడికే అన్నకి మల్లీ వొచ్చినాది."

అక్కడ ఆపేశాను. పదకొండేళ్ళ పిల్లవి, భయపడ్డావు, అని నా మొగుడు బతికున్నప్పుడు ఓదార్చేవాడు. భయపడలేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఒక్కటే. వదిన వెళ్తే ఆది నా పక్కలో పడుకుంటుంది.

బండి కట్టారు. వదిన తండ్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, ఏదైనా అనడానికి ఏం మిగిల్చారు గనక. వదిన బండెక్కే ముందు పిల్ల కోసం చేతులు చాపింది, మామ్మ అడ్డం నిలబడింది. వదిన ఏడవలేదు. ఏం చేసిందో చెప్పక్కర్లేదు కదా. ఆ నవ్వు విని వీధిలో ఒకావిడ కాండ్రించి ఉమ్మింది. బండి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినపడింది. ఆ రాత్రి నుంచి ఆది నా పక్కలోనే పడుకుంది. మేకపాలు ఉగ్గుగిన్నెతో పడితే ఊసేసేది, నా ఒట్టి రవికలో వెతికేది, దొరక్క గుక్కపట్టేది. నెల రోజులు పట్టింది దానికి మరిచిపోవడానికి. నేను కోరుకున్నది నాకు దొరికింది, ఏం చెప్పను.

తర్వాత నేను చదువుకున్నాను, మా ఊళ్ళో అంతదూరం చదివిన మొదటి ఆడపిల్లని. విజయనగరంలో కాలేజీలో ఉండగా ఇంగ్లీషు మేడం ఒక కథ చెబుతున్నారు. అందులో ఒక అమ్మాయి, తండ్రి పోయాడన్న కబురు వినగానే టిటర్ చేస్తుంది. మేమంతా మార్జిన్లో 'నవ్వుట' అని రాసుకున్నాం. మేడం వరసల మధ్యకొచ్చి పుస్తకాలు చూసి, "నవ్వుట అని రాసినవాళ్ళు కొట్టెయ్యండి" అన్నారు. గిగిల్ అంటే పిల్లలు కితకితలకి నవ్వేది, స్నిగర్ అంటే ఎదటివాణ్ణి తక్కువ చేసి చాటుగా నవ్వేది. టిటర్ ఈ రెండూ కాదు, అన్నారు. నవ్వకూడదని తెలిసినచోట, భయమో సిగ్గో లోపల పట్టక, ఏం చెయ్యాలో తెలియక, సన్నగా గొంతు దాటి వచ్చేస్తుంది. సంతోషంతో దానికి సంబంధం లేదు. సభలో అనకూడని మాట ఎవరైనా అంటే వెనక బెంచీల్లోంచి వినపడుతుందే, అదీ అదే. "మన భాషలో దీనికి వేరే మాటున్నట్టు లేదు. ఇకిలించడం అంటాం, అది తిట్టు" అన్నారు. నేను కొట్టెయ్యలేదు. నాకు ఆ రోజు కలిగింది బాధ కాదు, సిగ్గులేకుండా చెప్తున్నాను, ఊరట. మాట లేదు కాబట్టి చెప్పలేకపోయాను అని ఒక సాకు దొరికింది.

ఆ ఆదివారమే రైలెక్కి వదిన ఊరు వెళ్ళాను. సంచీలో నిఘంటువు పెట్టుకున్నాను, నా మొహం. వదినకి మారుమనువు కుదరలేదు. మా కులంలో అది తప్పేం కాదు, కానీ మొగుడి చావుకి నవ్వినదాన్ని ఎవరు చేసుకుంటారు. అన్నగారి ఇంట్లో పశువుల పని, నార పని. నేను వెళ్ళేసరికి వసారాలో కూచుని తొడమీద పురి పేనుతోంది. జుట్టు సగానికి సగం లేదు. నన్ను గుర్తుపట్టి పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఆది ఎంత ఎత్తయింది, బడికెళ్తుందా, జుట్టు బాగుందా అని అడిగింది. అన్నీ చెప్పి, నేను పుస్తకం తీశాను. ఇంగ్లీషులో దీనికో మాటుంది వదినా, నీ తప్పు కాదు, చాలామందికి ఉంటుంది, పుస్తకంలో కూడా రాశారు అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆ పేజీ వైపు వంగి చూసింది, చదువు రాదు.

"ఇంగ్లీసోల్లకి కూడా ఉన్నాదేటి ఇది" అంది.

"ఉన్నాది వదినా."

"మంచిదే." పురి మళ్ళీ తొడమీదకి లాక్కుంది. కాసేపు పేనింది. "ఆ రోజు నువ్వు సెప్పడానికి ఇంగ్లీసు కావాలా పారోతీ? వదిన భయపడితే నవ్వుతాది అంటే సాలును కదా. మీ అన్న సెప్పినాడు కదా నీకు, గడ్డివాము కాడ."

పుస్తకం ఒళ్ళోనే ఉంది. ఆవిడ గొంతులో కోపం ఉంటే బాగుండును, లేదు. "ఇప్పుడు నాకు ఏడుపొచ్చీసినాది," అంది. "ఈ ఊర్లో ఎవరు సచ్చినా ముందు రాగం నాదే. నవ్వు రానేరాదు." కట్ట అయిపోయింది, ముడేసి పక్కన పెట్టింది. "నాకెందుకు సెప్తావు ఇదంతా. ఆదికి సెప్పు. అదొక్కర్తి తెలుసుకుంటే సాల్నాకు."

చెప్తాను అన్నాను. మాటిచ్చి రైలెక్కాను.

చెప్పలేదు. మొదట మామ్మ బతికుంది, ఆవిడకి భయపడ్డాననుకోండి. ఆవిడ పోయింది. ఆదికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకు అన్నాను. దాని పెళ్ళినాడు వదిన వచ్చింది, పందిట్లోకి రాలేదు, రోడ్డు అవతల నిలబడింది. ఆది చూసి మొహం తిప్పుకుంది. "మా నాన్న సావుకి నవ్వినామె" అని పక్కన పిల్లలకి చెబుతుంటే నేను దాని తలలో పూలు సర్దుతున్నాను. తర్వాత నాలుగేళ్ళకి వదిన పోయిందని కబురొచ్చింది. ఆది వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు. ఊరందరికీ రాగం అందుకున్న మనిషికి కన్నకూతురు అందుకోలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పాను, ఆ మాట వచ్చిన ప్రతిసారీ నవ్వుట అని రాసినవాళ్ళు కొట్టెయ్యండి అని మా మేడంలాగే అన్నాను, బోర్డు మీద ఉదాహరణ రాశాను. నలభై మంది పిల్లలకి చెప్పగలిగిన మాట ఇంట్లో ఒక్కదానికి చెప్పలేకపోయాను. చెప్తే ఆది నన్ను వదిలేస్తుందని. అరుగు మీద నిలబడ్డ పిల్లకీ నాకూ ఆ విషయంలో ఏమీ తేడా లేదు, వయసు తప్ప.

ఇప్పుడు పలకరింపులంటే ఫోన్లే. పోయినవాళ్ళని గాజుపెట్టెలో పెడతారు, వచ్చినవాళ్ళు చెప్పులిప్పి దణ్ణం పెట్టి, టీ తాగి వెళ్తారు. ఎవరు ఏడ్చారో ఎవరు ఏడవలేదో చూసే తీరిక ఎవరికీ లేదు. నాకది మొదట్లో నచ్చేది కాదు, మనుషులు రాళ్ళయిపోయారని గొణిగేదాన్ని. మొన్న ఆ డాక్టరమ్మ పది సెకన్లలో ఆదికి నీళ్ళిచ్చి ఒడ్డునేశాక నోరు మూసుకున్నాను. ఆ పిల్ల గొప్ప మాటేమీ అనలేదు. ఇంగ్లీషు మాట కూడా అనలేదు. మా అన్నయ్య అన్న మాటే అంది.

వరండాలో జనం వస్తూ పోతూ ఉన్నారు. మా అమ్మ రక్తం అని ఆది మళ్ళీ అంది. అప్పుడు చెప్పాను. గడ్డివాము దగ్గర్నుంచి చెప్పాను, చీకటి గదిలో మీ నాన్న కళ్ళు చెప్పాను, తడిసిన చీర చెప్పాను, అరుగు చెప్పాను. ఏదీ దాచలేదు. ఆది అడ్డురాకుండా వింది.

"నిన్నడిగినారా?" అంది చివరికి.

"అడిగారు."

"నువ్వు సెప్పలేదా?"

"లేదు."

"ఎందుకూ?"

"నువ్వు నా దగ్గరుండాలని."

ఆది చెంగు నోటికి పెట్టుకుంది. భుజాలు ఎగిరిపడ్డాయి. ఇక్కిక్కిమని, ఆగకుండా, కళ్ళు నామీదే పెట్టి నవ్వింది. పామువైపు చూసినట్టు చూస్తోంది. పక్క బెంచీలో ఆవిడ మమ్మల్ని చూసి లేచి అవతలికి వెళ్ళింది. నేను దాని చెయ్యి పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంతసేపటికో ఆ చప్పుడు ఆగింది.

"సిన్నప్పట్నించీ వస్తాది ఇది. నోట్లో గుడ్డలు కుక్కుకున్నాను, నాలిక కొరుక్కున్నాను. నీ ముందు ఎప్పుడూ రానివ్వనేదు," అంది. "మా అమ్మది ఇలగే ఉండేదా?"

"ఇలాగే ఉండేది."

"అచ్చం?"

"అచ్చం."

ఆది మొహం తుడుచుకుంది. "ఆమెది నాకాడ ఇదొక్కటే ఉన్నాది," అని లేచి మొగుడున్న వార్డువైపు వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేను ఆ బెంచీ మీదే, సాయంత్రం ఆఖరి బస్సు టైమయ్యేదాకా కూచున్నాను.